ఒకే నాచు, వేరే వేరే రూపాలు: ఖనిజాలు తగ్గితే ఆకుపచ్చ శైవలాలకి ఏమవుతుంది?

ఒకే ఒక్క కణం నుంచి పెంచిన ఆకుపచ్చ నాచును (శైవలాన్ని) రెండు సీసాల్లో పోసి, వెలుతురు, వేడి, గాలి అన్నీ సమానంగా ఇచ్చి, రెండో సీసాలో మాత్రం నత్రజనిని అందించే నైట్రేట్ లేకుండా చేశారనుకోండి. కొన్ని రోజులకి మొదటి సీసా ముదురు ఆకుపచ్చగా చిక్కబడుతుంది, రెండోది పసుపు తిరుగుతుంది. ఇది అందరూ ఊహించేదే. ఎవరూ ఊహించనిది మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు కనిపిస్తుంది. మొదటి సీసాలోవి సన్నగా, చురుగ్గా, లోపలంతా ఆకుపచ్చగా ఉంటాయి. రెండో సీసాలోవి గుండ్రంగా ఉబ్బి, మధ్యలో మెరిసే నూనె బిందువులతో, పాలిపోయి కనిపిస్తాయి. రెండూ ఒకే జాతి అని ముందే తెలియకపోతే, వేరే వేరే పేర్లు పెట్టేసే ప్రమాదం నిజంగానే ఉంది. చరిత్రలో అలా జరిగింది కూడా, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎరువు ఎక్కువైతే నాచు పెరుగుతుంది, తక్కువైతే ఆగిపోతుంది అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. అందులో తప్పు లేదు కానీ సగమే ఉంది. కణం పెరుగుదలలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఒంట్లో సరుకు పోగేసుకోవడం, అంటే సైజూ బరువూ పెంచుకోవడం. రెండోది, విభజన జరిగి పిల్ల కణాలు పుట్టడం. అన్నీ దొరుకుతున్నంత కాలం ఈ రెండూ కలిసే నడుస్తాయి. ఏదైనా ఖనిజం అడుగంటినప్పుడు మాత్రం రెండూ ఒకేసారి ఆగవు. ఏది ముందు ఆగింది, ఏది ఇంకా నడుస్తోంది అన్నదాన్ని బట్టే ఆ కణం ఉబ్బుతుందో, గుండ్రబడుతుందో, గుంపు విడిపోతుందో, వెంట్రుకలు వేస్తుందో తేలుతుంది. ఒక్కో ఖనిజానిది కణంలో ఒక్కో పని కాబట్టి ఒక్కో కొరతకి ఒక్కో ముఖం ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా చాలావరకు దానంతట అదే విడిపోతుంది.

విభజన గురించి ముందు కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కణాల పద్ధతి మన శరీర కణాల్లాంటిది కాదు. క్లోరెల్లా, సీనెడెస్మస్, క్లామిడోమోనాస్ లాంటి ఆకుపచ్చ శైవలాల్లో కణం వెంటనే రెండు కాదు. పగలంతా తిని, చాలా రెట్లు పెరిగి, ఆ తర్వాత తన గోడ లోపలే వరుసగా రెండు, నాలుగు, ఎనిమిది, ఒక్కోసారి పదహారు ముక్కలవుతుంది. ఆ తర్వాతే తల్లి గోడ పగిలి పిల్లలన్నీ ఒకేసారి బయటపడతాయి. ఎన్ని పిల్లలు రావాలన్నది తల్లి ఎంత పెరిగిందన్న దానిమీద ఆధారపడుతుంది. అంటే ఆకలిగా ఉన్న తల్లి నుంచి ఎనిమిదికి బదులు నాలుగో రెండో వస్తాయి, లేదా విభజనకి కావాల్సిన ఒక్క ముడిసరుకే తక్కువైతే తల్లి అలా ఉబ్బుతూ ఉండిపోతుంది. కొలిచేవాళ్లు కణాల సంఖ్య మాత్రమే లెక్కపెడితే ఒక సమాధానం వస్తుంది, ఎండబెట్టి బరువు తూస్తే ఇంకో సమాధానం వస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగనప్పుడు ఏదో కొలత తప్పిందనుకుని కంగారు పడక్కర్లేదు, చూడాల్సిన విషయం అక్కడే ఉంది.

"అన్నిటికంటే తక్కువగా ఉన్న పోషకమే పెరుగుదలని ఆపుతుంది" అనే సూత్రం మీరు వినే ఉంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పేరు మీద చెలామణీ అవుతుంది కానీ కార్ల్ స్ప్రెంగెల్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్త 1828 నాటికే దాన్ని చెప్పాడు. పంటల విషయంలో బాగానే పనికొచ్చే ఆ సూత్రాన్ని నాచుకి అలాగే తగిలిస్తే ఇబ్బంది వస్తుంది. నీళ్లలో భాస్వరం కొలిస్తే దాదాపు సున్నా ఉంటుంది, నాచు మాత్రం జోరుగా పెరుగుతూనే ఉంటుంది. ఎలా? స్కాట్లాండ్‌లో పనిచేసిన మైఖేల్ డ్రూప్ 1960లలో దీనికి మంచి జవాబిచ్చాడు. ఆయన విటమిన్ బి12తో పని చేస్తూ తేల్చిందేమిటంటే, పెరుగుదల వేగాన్ని నిర్ణయించేది బయట నీళ్లలో ఎంత ఉందన్నది కాదు, కణం లోపల ఎంత నిల్వ ఉందన్నది. ఛార్జర్ తీసేసినా బ్యాటరీ ఉన్నంతసేపు ఫోన్ నడిచినట్టే, బయట సరఫరా ఆగినా లోపలి నిల్వ మీద కణం నడుస్తుంది.

ఈ నిల్వ చిన్నదేం కాదు. భాస్వరం దొరికినప్పుడు ఆకుపచ్చ శైవలాలు అవసరానికి మించి లాక్కుని, ఫాస్ఫేట్ ముక్కలని గొలుసులుగా గుచ్చి చిన్న చిన్న గుళికలుగా దాచుకుంటాయి. ఒక కణం తన కనీస అవసరానికి 8 రెట్లు దాచుకుందనుకుందాం. బయట నుంచి ఒక్క అణువు కూడా రాకపోయినా అది మూడు తరాలు విభజన చెందగలదు, ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. అప్పుడు గానీ అసలు కొరత మొదలు కాదు. అందుకే భాస్వరం లేని నీళ్లలోకి మార్చిన మర్నాడే ఆకారం మారలేదని "భాస్వరానికి ప్రభావం లేదు" అని రాసేయడం తొందరపాటు. నత్రజని కథ వేరు. అది అడుగంటితే ఆకుపచ్చ శైవలాలు చాలావరకు ఉన్న ప్రోటీన్లనే కరిగించుకోవాలి, కాబట్టి ఆ కొరత తొందరగా బయటపడుతుంది.

సైజు గురించి ఇంకో మాట. గోళాకారంలో ఉన్న కణానికి, ప్రతి యూనిట్ ఘనపరిమాణానికి ఉండే ఉపరితలం 3ని వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. వ్యాసార్థం 2 మైక్రోమీటర్లయితే 1.5, అదే 4 అయితే 0.75. సైజు రెట్టింపైతే తినే నోరు, పొట్టతో పోలిస్తే సగమైపోతుంది. పోషకాలన్నీ ఉపరితలం గుండానే రావాలి, ఖర్చంతా లోపలి ఘనపరిమాణంలోనే జరుగుతుంది. కాబట్టి పోషకాలు పలచగా ఉన్న నీళ్లలో చిన్న కణానికి, సన్నగా పొడుగ్గా సాగిన కణానికి మొగ్గు ఉంటుంది. మరైతే ఆకలి వేసిన కణాలు చిన్నవి కావాలి కదా, ఉబ్బుతున్నాయేంటి? ఎందుకంటే ఉబ్బడం అది ఎంచుకున్న ఉపాయం కాదు, విభజన ఆగిపోయాక మిగిలిన పని కొనసాగడం వల్ల వచ్చిన ఫలితం. వెంట్రుకలు వేయడం మాత్రం నిజమైన ఉపాయం. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ఈ విషయం మీద చాలా గందరగోళం పుట్టిందని నా ఉద్దేశం.

నత్రజని తగ్గితే

నత్రజని లేకపోతే ప్రోటీన్ లేదు, ప్రోటీన్ లేకపోతే కొత్త కణం లేదు. కానీ వెలుతురు పడుతూనే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ కార్బన్‌ని ఎక్కడో పెట్టాలి. పిండిపదార్థంలో నత్రజని లేదు, నూనెలో నత్రజని లేదు. అందుకే కణం మొదట పిండిపదార్థంతోనూ తర్వాత నూనెతోనూ నిండిపోతుంది. ఇంకోపక్క ప్రోటీన్లు తయారుచేసే తన రైబోసోములని, కిరణజన్య సంయోగక్రియకి సంబంధించిన ప్రోటీన్లని, పత్రహరితాన్ని కరిగించి అందులోని నత్రజనిని తిరిగి వాడుకుంటుంది. పత్రహరితం పోయినా కెరోటినాయిడ్లు అనే పసుపు వర్ణద్రవ్యాలు మిగులుతాయి కాబట్టి పసుపు రంగు తేలుతుంది. 1949లో స్పోర్, మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు క్లోరెల్లాని నత్రజని కొరతలో పెట్టి, ఎండు బరువులో కొవ్వు పదార్థాల వాటాని 85 శాతం దాకా తీసుకెళ్లగలిగారు. మామూలు కణాల్లో అది చాలా తక్కువ. ఆ సంఖ్య చూసి నాచు నుంచి డీజిల్ తీసేయొచ్చని ప్రపంచమంతా ఉత్సాహపడింది.

ఇక్కడే జనం పొరబడతారు. కణంలో నూనె శాతం పెరిగింది నిజమే, కానీ కణాల సంఖ్య పెరగడం ఆగిపోయింది కదా. మొత్తం చెరువు మీద లెక్కేస్తే రోజుకి వచ్చే నూనె పెరగకపోగా తగ్గొచ్చు. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు శైవలాల ఇంధనం మీద నడిపిన పెద్ద కార్యక్రమం కూడా చివరికి ఈ గోడనే ఢీకొట్టింది. నేను ముందు చెప్పిన రెండు పనుల తేడానే ఇది: ఒక పని ఆగబట్టే ఇంకోటి కనిపించింది.

నత్రజని కొరత ఆకారాన్ని ఎంత దూరం మార్చగలదో చూడాలంటే హెమటోకాకస్‌ని చూడాలి. అన్నీ దొరికినప్పుడు ఇది కశాభాలు అనే రెండు కొరడాల్లాంటి తోకలతో ఈదుతూ తిరిగే ఆకుపచ్చ కణం. నత్రజని అయిపోయి, పైగా ఎండ గట్టిగా తగిలితే ఈత మానేస్తుంది, కశాభాలు పోతాయి, గుండ్రబడుతుంది, సైజు పెరుగుతుంది, చుట్టూ మందపాటి గోడ కట్టుకుంటుంది, లోపల అస్టాజాంథిన్ అనే ఎర్రటి వర్ణద్రవ్యం నింపుకుంటుంది. ఎండిపోయిన రాతి గుంటల్లో రక్తం రంగులో కనిపించే పొర చాలాసార్లు ఇదే. ఈదే ఆకుపచ్చ కణమూ, కదలని ఎర్రటి గుండ్రాయీ ఒకటేనని చూసినవాళ్లకి వెంటనే తట్టదు.

క్లామిడోమోనాస్ ఇంకో దారి పడుతుంది. 1954లో రూత్ సేగర్, శామ్ గ్రానిక్ చూపించిన విషయం ఏంటంటే, నత్రజని తీసేయడమే ఈ కణానికి లైంగిక దశకి వెళ్లమనే సంకేతం. వెలుతురులో ఉంచితే మర్నాటికల్లా మామూలు కణాలు జతకట్టగల లైంగిక కణాలుగా, అంటే సంయోగబీజాలుగా మారతాయి. వాటిలోని రెండు లైంగిక రకాలూ ఎదురుపడితే జతకట్టి, నాలుగు కశాభాలతో కాసేపు ఈది, తర్వాత అవి పోగొట్టుకుని మందమైన గోడలో సంయుక్తబీజంగా ముడుచుకుంటాయి. ఆ గోడలో అది కరువు కాలమంతా గడిపేయగలదు. జత కట్టకముందే నత్రజని తిరిగి ఇస్తే సంయోగబీజాలు మళ్లీ మామూలు కణాలైపోతాయి. ఒక్క ఖనిజం ఉందా లేదా అన్నదాని మీద జీవిత చక్రమే మలుపు తిరగడం నాకు ఎప్పటికీ పాతబడని విషయం.

భాస్వరం, వెంట్రుకల సంగతి

భాస్వరం ఎక్కడెక్కడ కావాలో చూడండి: డీఎన్ఏలో, ఆర్ఎన్ఏలో, కణానికి శక్తిని మోసే ఏటీపీలో, పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల్లో. డీఎన్ఏ నకలు తీయకుండా విభజన జరగదు. అందుకే నిల్వ అయిపోయాక విభజన నెమ్మదించి కణాలు పెద్దవవుతాయి. ఈ లోపు కణం మూడు పనులు చేస్తుంది. పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ల స్థానంలో కొంతవరకు గంధకం ఉన్న లిపిడ్లని పెట్టుకుని భాస్వరం మిగుల్చుకుంటుంది. గుళికల్లో దాచిన నిల్వని కరిగిస్తుంది. ఇంక చాలకపోతే ఫాస్ఫటేజ్ ఎంజైములని గోడ మీదకీ బయటకీ పంపించి, నీళ్లలో తేలే సేంద్రియ పదార్థాలకి అంటుకుని ఉన్న ఫాస్ఫేట్‌ని కోసి తెచ్చుకుంటుంది.

ఆకారం విషయంలో భాస్వరానికి సంబంధించి నాకు అన్నిటికంటే బాగా నచ్చిన ఉదాహరణ స్టిజియోక్లోనియం. ప్రవహించే నీళ్లలో రాళ్లకి అంటుకుని పెరిగే కొమ్మల తంతువు ఇది. భాస్వరం పుష్కలంగా ఉన్న నీళ్లలో దీని కొమ్మల చివర్లు మామూలు ఆకుపచ్చ కణాలతో మొద్దుగా ముగుస్తాయి. భాస్వరం కొరత పడితే కొమ్మ చివరి కణాలు సాగడం మొదలుపెడతాయి, సన్నబడతాయి, ఆకుపచ్చదనం పోగొట్టుకుంటాయి, చివరికి ఒకదాని తర్వాత ఒకటిగా చాలా కణాలు కలిసి పొడవాటి రంగులేని వెంట్రుకగా తయారవుతాయి. ఆ వెంట్రుక కణాల్లో ఎక్కువ భాగం రిక్తికే, అంటే నీటి సంచే, సరుకు తక్కువ, కాబట్టి కట్టుకోవడానికి నత్రజని, భాస్వరం పెద్దగా ఖర్చవవు. ఉపరితలం మాత్రం చాలా కలిసొస్తుంది. పైగా ఏ వస్తువు చుట్టూనైనా నీళ్లు కదలకుండా పట్టుకుని ఉండే ఒక పలచటి పొర ఉంటుంది, వెంట్రుక దాన్ని దాటి కదిలే నీళ్లలోకి చేరుతుంది. ఇంగ్లండ్‌లోని డరమ్‌లో బ్రయాన్ విట్టన్, ఆయన సహచరులు చేసిన పనిలో ఈ వెంట్రుకల మీదే ఫాస్ఫటేజ్ చురుకుగా ఉండడం కనిపించింది. అంటే అవి పోషకం పట్టడానికే పుట్టిన అవయవాలు. ఫాస్ఫేట్ కలిపితే కొత్త వెంట్రుకలు రావడం ఆగిపోతుంది.

కీటోఫోరా, డ్రాపర్నాల్డియా అనే దగ్గరి చుట్టాల్లోనూ ఇదే తీరు ఉంది. కాబట్టి వాగులో రాయి మీద నాచు తీసి చూసినప్పుడు చివర్లలో పొడవాటి రంగులేని వెంట్రుకలు కనిపిస్తే, ఆ నీళ్లలో భాస్వరం తక్కువగా ఉండొచ్చని అనుమానించడానికి మంచి కారణమే దొరికినట్టు. అయితే అనుమానం వరకే. కొన్ని రకాల్లో ఇతర కొరతలు కూడా వెంట్రుకలని రప్పించగలవు, ఇంకొన్ని రకాలు ఎంత కొరతలోనైనా వెయ్యవు.

మెగ్నీషియం, గంధకం, కాల్షియం

మెగ్నీషియం పత్రహరితం మధ్యలో కూర్చుంటుందని స్కూల్లో చదువుకున్నాం. కానీ కణంలోని మెగ్నీషియంలో పెద్ద వాటా అక్కడ ఉండదు, రైబోసోములని నిలబెట్టడంలో, ఏటీపీతో కలిసి పనిచేయడంలో ఉంటుంది. అందుకే క్లోరెల్లాలో మెగ్నీషియం తగ్గిస్తే రంగు పోవడంతోపాటు విభజన దెబ్బతింటుంది, బరువు మాత్రం కొంతకాలం పెరుగుతూ పోతుంది, మామూలుకంటే చాలా పెద్ద కణాలు తయారవుతాయి.

గంధకం లేకపోతే సిస్టీన్, మెథియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు లేవు. క్లామిడోమోనాస్ ఇక్కడ చూపించే పొదుపు ఆశ్చర్యంగా ఉంటుంది: గోడ దగ్గర వాడే ప్రోటీన్లలో గంధకం చాలా తక్కువగా ఉండే ప్రత్యేక రకాలని అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. కణం కూడా మొదటి రోజులో అండాకారం వదిలేసి, పిండిపదార్థం నింపుకుని పెద్ద గోళంగా మారుతుంది. ఇంకో పక్క, వెలుతురుకి నిత్యం దెబ్బతినే ఒక ప్రోటీన్‌ని బాగుచేసుకోలేక ఆక్సిజన్ విడుదల పడిపోతుంది. మూత బిగించిన సీసాలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ని శ్వాసక్రియ తాగేస్తుంది, అప్పుడు హైడ్రోజన్ వాయువు బుడగలుగా వస్తుంది. శైవలాలు హైడ్రోజన్ వదలగలవని హాన్స్ గాఫ్రన్ 1942 నాటికే చూపించాడు. గంధకం తీసేసి దాన్ని రోజుల తరబడి రప్పించొచ్చని 2000లో అనస్టాసియోస్ మెలిస్ బృందం చూపించింది.

కాల్షియంది మరో రకం పాత్ర. ఇది బరువు పెంచే ముడిసరుకు కాదు, ఎక్కడ పెరగాలో చెప్పే సంకేతం. మైక్రాస్టీరియాస్ అనే అందమైన ఏకకణ శైవలం విభజన తర్వాత పోయిన సగాన్ని మళ్లీ కట్టుకుంటుంది, మొదట గుండ్రటి బుడిపెగా వచ్చి, కొన్ని గంటల్లో లోతైన కోతలున్న తమ్మెలుగా విడిపోతుంది. ఏ చోట్ల తమ్మెలు పెరుగుతాయో ఆ చోట్లే పొర దగ్గర కాల్షియం పోగుపడి కనిపిస్తుంది. సముద్రంలో పెరిగే అసిటాబులేరియా ఒకే కణం, అయినా కొన్ని సెంటీమీటర్ల పొడవు, వేరులాంటి అడుగు, కాడ, పైన గొడుగులాంటి టోపీ. సముద్రపు నీళ్లలో కాల్షియం లీటరుకి సుమారు 10 మిల్లీమోల్స్ ఉంటుంది. దాన్ని బాగా తగ్గిస్తే కాడ సాగుతుంది కానీ చుట్టూ రావాల్సిన వెంట్రుకల చక్రాలు, టోపీ రావు. పెరుగుదల ఉంది, ఆకారం లేదు.

బయటికి కనపడని కొరతలు

అన్ని కొరతలూ ఆకారంలో తేలతాయని అనుకోకూడదు. రాగి దొరకనప్పుడు క్లామిడోమోనాస్ చేసే పని చూడండి. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లని మోసే ప్లాస్టోసయనిన్ అనే ప్రోటీన్‌కి రాగి కావాలి. రాగి లేకపోతే కణం అదే పనికి ఇనుముతో తయారయ్యే సైటోక్రోమ్ సి6 అనే వేరే ప్రోటీన్‌ని పెట్టుకుంటుంది. బయట నుంచి చూస్తే పెరుగుదల మామూలే, ఆకారం మామూలే. రాగితోపాటు ఇనుము కూడా తగ్గితే మాత్రం ఆ ప్రత్యామ్నాయం కూడా ఇరుకున పడుతుంది.

మాలిబ్డినం ఇంకా విచిత్రం. నైట్రేట్‌ని అమ్మోనియంగా మార్చే దారిలో మొదటి ఎంజైమ్‌కి అది తప్పనిసరి. డేనియల్ ఆర్నన్ బృందం 1955లో సీనెడెస్మస్ మీద చూపించినట్టు, నత్రజనిని నైట్రేట్‌గా ఇచ్చినప్పుడు మాలిబ్డినం లేకపోతే కణాలు పాలిపోతాయి, అమ్మోనియంగానో యూరియాగానో ఇస్తే లేకపోయినా ఇబ్బంది లేదు. అంటే "ఈ నాచుకి మాలిబ్డినం ఎంత కావాలి?" అన్న ప్రశ్నకి, "నత్రజనిని ఏ రూపంలో ఇస్తున్నారు?" అని తిరిగి అడగకుండా జవాబు చెప్పలేం.

రూపం మారితే నీళ్లు కూడా మారతాయి. కణం అమ్మోనియం తీసుకుంటే బయట ఆమ్లత్వం పెరుగుతుంది, నైట్రేట్ తీసుకుంటే క్షారత్వం పెరుగుతుంది. నైట్రేట్‌ని అమ్మోనియంగా దించడానికి ఒక్కో అణువుకి 8 ఎలక్ట్రాన్లు ఖర్చు, అందుకే రెండూ ఉంటే చాలా శైవలాలు అమ్మోనియం వైపే ముందు వెళ్తాయి. కానీ నీళ్లు బాగా క్షారంగా ఉంటే అమ్మోనియం కాస్తా అమ్మోనియాగా మారి విషమవుతుంది. క్షారత్వం పెరిగితే ఇనుము తుప్పులా అడుగుకి దిగిపోతుంది, ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గట్టిపడిపోతుంది. సీసాలో ఉన్నట్టే ఉంటుంది, కణానికి మాత్రం అందదు. పోషక ద్రావణాల్లో ఈడీటీఏ కలిపేది ఇందుకే, అది ఇనుమును పట్టుకుని కరిగిన స్థితిలో ఉంచుతుంది.

ద్రావణాల మాట వచ్చింది కాబట్టి ప్రయోగశాలల్లో రోజూ వాడే రెండిటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. బోల్డ్ బేసల్ మీడియంలో లీటరుకి 250 మిల్లీగ్రాముల సోడియం నైట్రేట్, రెండు రకాల పొటాషియం ఫాస్ఫేట్లు కలిపి ఇంకో 250 మిల్లీగ్రాములు ఉంటాయి. నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా కోసం పుట్టి ఇప్పుడు అందరూ వాడుతున్న బీజీ-11లో నైట్రేట్ 1,500 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 40 మాత్రమే. అణువుల లెక్కకి మారిస్తే మొదటిదాంట్లో ఒక భాస్వరానికి నత్రజని రెండు కూడా లేదు, రెండోదాంట్లో 75 దాటుతుంది. సముద్రంలో తేలే సూక్ష్మజీవుల్లో (ప్లవకాల్లో) ఇదే నిష్పత్తి సగటుని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే సముద్ర శాస్త్రవేత్త 16గా చెప్పాడు. ఎక్కువ కాలం పెంచితే మొదటి ద్రావణంలో ముందు నత్రజని అడుగంటుతుంది, రెండోదాంట్లో భాస్వరం. ఒకే జాతిని రెండు చోట్ల పెంచి, ముదిరిన కణాల ఫొటోలు తీసి, "మా కణాలు మీ కణాల్లా లేవు" అని వాదించుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. నా దృష్టిలో ఏ ద్రావణం, ఎన్నో రోజు అన్న రెండు వివరాలు లేని ఫొటోకి విలువ లేదు.

ఆకారం చూసి పేరు పెట్టడం

ఇప్పుడు పేర్ల సంగతి. సీనెడెస్మస్ అంటే నాలుగు కణాలు పక్కపక్కన అతుక్కుని, చివరి రెండిటికీ ముళ్లున్న బొమ్మే పుస్తకాల్లో ఉంటుంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ ట్రైనర్ దశాబ్దాల పాటు దీన్ని పెంచి చూపించిందేమిటంటే, పోషక ద్రావణాన్నీ పెరిగే దశనీ బట్టి అదే శైవలం నాలుగు కణాల గుంపుగా కాకుండా విడి విడి ముళ్ల కణాలుగా కూడా బతుకుతుంది. ఆ విడి కణాలు అచ్చం వేరే ప్రజాతి పేరు మీద పుస్తకాల్లో ఉన్న బొమ్మల్లా ఉన్నాయి. ముళ్లున్న రకాలని 1999లో డెస్మోడెస్మస్ అనే వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు ఆధారపడింది ఆకారం ఒక్కదానిమీదే కాదు, జన్యు క్రమాల మీద కూడా.

దీన్ని ఖనిజాలకే కట్టబెట్టడం కూడా తప్పే. నాచుని తినే డాఫ్నియా అనే నీటి ఈగలు తిరిగిన నీళ్లు వడకట్టి పోస్తే చాలు, వాటి వాసన పట్టి విడి కణాలు మళ్లీ గుంపు కడతాయి, పెద్ద గుంపుని మింగడం కష్టం కాబట్టి. సముద్రపు మోనోస్ట్రోమా అయితే బ్యాక్టీరియా ఇచ్చే థాలుసిన్ అనే పదార్థం లేకపోతే ఆకు రూపమే కోల్పోయి విడి కణాల కుప్పగా మారుతుంది. ఖనిజం, శత్రువు, చుట్టుపక్కల బ్యాక్టీరియా, ఈ మూడూ ఒకే ఆకారం మీద పనిచేస్తాయి. ప్రయోగంలో రెండిటిని కదలకుండా పట్టుకుంటేనే మూడోది ఏం చేస్తోందో తెలుస్తుంది.

చెరువుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఆకుపచ్చగా మారిన నీళ్లన్నీ ఆకుపచ్చ శైవలాలు కావు. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం కెనడాలోని 226వ నంబరు సరస్సుని తెరతో రెండు భాగాలు చేసి, ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే, ఇంకోవైపు వాటితోపాటు భాస్వరం కూడా వేసింది. భాస్వరం పడ్డ వైపే నీళ్లు పచ్చబడ్డాయి. అయితే అక్కడ కమ్ముకున్నవి ముఖ్యంగా నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా. వాటిలో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టుకోగలవు, ఆకుపచ్చ శైవలాలకి ఆ శక్తి లేదు. భాస్వరంతో పోలిస్తే నత్రజని తక్కువగా ఉండే నీళ్లలో ఆకుపచ్చ శైవలాలు వెనకబడే అవకాశం ఎక్కువ. సముద్ర తీరాల్లో మాత్రం చాలా చోట్ల నత్రజనిదే పైచేయి. 2008 ఒలింపిక్స్ పడవ పందేలకి ముందు చైనాలోని చింగ్‌డావ్ తీరాన్ని కమ్మేసిన అల్వా నిజంగా ఆకుపచ్చ శైవలమే, 10 లక్షల టన్నులకు పైగా తోడిపోశారు.

మరి ఒక నీళ్ల నమూనాలో ఏ ఖనిజం పెరుగుదలని పట్టి ఆపుతోందో ఎలా కనుక్కోవాలి? ఆకారం చూసి ఊహించడం కంటే నేరుగా అడగడమే మేలు. నీళ్లని వడకట్టి నాలుగు సీసాల్లో పోస్తారు. ఒకదానిలో ఏమీ కలపరు, ఒకదానిలో నత్రజని, ఒకదానిలో భాస్వరం, ఒకదానిలో రెండూ. అన్నిటిలో ఒకే రకం నాచు వేసి ఏది పచ్చబడుతుందో చూస్తారు. 1971లో అమెరికా పర్యావరణ సంస్థ దీన్ని ఒక ప్రామాణిక పరీక్షగా ప్రకటించింది. అందుకు వాడిన నెలవంక ఆకారపు శైవలం నార్వేలోని నీటెల్వా నదిలో 1959లో దొరికింది. అప్పట్లో దాన్ని సెలెనాస్ట్రమ్ అన్నారు, తర్వాత రెండుసార్లు పేరు మారి ఇప్పుడు రాఫిడోసెలిస్ అంటున్నారు.

పరీక్ష సులువే, కానీ ఒక్క చోట జారితే మొత్తం తప్పుతుంది. వేసే నాచు అంతకుముందు పుష్టికరమైన ద్రావణంలో పెరిగి ఉంటే లోపల భాస్వరం గుళికలు నింపుకునే వస్తుంది. భాస్వరం కలపని సీసాలో కూడా ఆ నిల్వ మీద మూడు నాలుగు తరాలు పెరిగేస్తుంది, అప్పుడు భాస్వరం కొరత లేదనే తప్పుడు తీర్పు వస్తుంది. అందుకే వేసే ముందు కణాలని కడిగి పాత ద్రావణాన్ని వదిలించాలి, చాలా కొద్ది కణాలతో మొదలుపెట్టాలి, నిల్వ ఖర్చయ్యేలా కొన్నాళ్లు పలచటి ద్రావణంలో ఉంచితే ఇంకా నయం. చివర్లో సంఖ్య, ఎండు బరువు రెండూ కొలవాలి. బరువు పెరిగి సంఖ్య పెరగకపోతే ఒక బొట్టు మైక్రోస్కోప్ కింద పెట్టి, నూనె బిందువులున్నాయా, పిండిపదార్థం ఉందా, గోడలోపల విడిపోని పిల్లలు ఇరుక్కుని ఉన్నాయా చూడాలి. ఏ పని ఆగిందో, ఏది ఇంకా నడుస్తోందో అక్కడే తెలుస్తుంది.